టూర్ డి ఫ్రాన్స్ అంచనాల పోటీ: మీ గుంపుకి ఏ పద్ధతి నప్పుతుంది?

జూన్ వచ్చిందంటే వైజాగ్‌లో ఆదివారం తెల్లారగట్ల బీచ్ రోడ్డెక్కి భీమిలి దాకా తొక్కే సైకిల్ గుంపుల్లో ఒక చర్చ మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌కి ఈసారి అంచనాల పోటీ పెడదామా? పెడితే ఏ పద్ధతిలో? ఒకరు ఫాంటసీ అంటారు. ఒకరు ఐపీఎల్‌లో పెట్టినట్టు వేలం పెడదామంటారు. ఇంకొకరు "అవన్నీ ఎందుకు బాబూ, ఎవరు గెలుస్తారో రాసి కవర్లో పెట్టేద్దాం" అంటారు. చర్చ తేలేలోపు రేసు మొదలైపోతుంది. చివరికి ఎవరో ఒకరు హడావిడిగా ఒక వాట్సాప్ పోల్ పెడతారు. మొదటి వారం దాటాక దాని సంగతి ఎవరికీ పట్టదు.

ఈసారి అలా జరక్కుండా ముందే ఒక పద్ధతి తేల్చుకుంటారని ఇది రాస్తున్నాను. ఈ ఆటలు ముఖ్యంగా నాలుగు రకాలు: రేసుకి ముందు ఒకేసారి రాసిచ్చే జోస్యం, బడ్జెట్‌తో కూర్చే ఫాంటసీ జట్టు, వేలం, రోజుకో రైడర్‌ని ఎంచుకునే ఆట. నాలుగూ ఆడాను కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తున్నాను. పది నుంచి ముప్ఫై మంది ఉన్న గుంపుకి రోజుకో రైడర్ ఆటే మేలు. అయితే ఒకసారి వాడిన రైడర్‌ని మళ్ళీ వాడకూడదన్న నియమం తప్పకుండా ఉండాలి. మిగతా మూడూ పనికిరావని కాదు, వాటికి సరిపోయే గుంపులు వేరు.

అసలు కొలత ఏంటి?

టూర్ అంటే రోజుకొకటి చొప్పున 21 స్టేజ్‌లు (దశలు), మధ్యలో 2 విశ్రాంతి రోజులు, మొత్తం 23 రోజులు. అంచనాల పోటీ పెట్టేది జనం రేసు చూడ్డానికి. మూడో వారంలో గురువారం రాత్రి, వర్షం పడుతున్న రోజున కూడా మీ గుంపులో సగం మంది ఆఖరి కిలోమీటరు కోసం ఫోను పట్టుకుని కూర్చున్నారంటే ఆ పోటీ పనిచేసినట్టే. మొదటి వారంలో అందరూ ఉత్సాహంగానే ఉంటారు కాబట్టి ఆ వారాన్ని చూసి పద్ధతిని ఎంచుకోకండి.

సమయం విషయంలో మనకి అదృష్టం ఉంది. జూలైలో ఫ్రాన్స్ గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. చాలా స్టేజ్‌లు మన సాయంత్రం నాలుగు, అయిదు మధ్య మొదలై రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ముగుస్తాయి. ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చుంటే ఆఖరి కొండ ఎక్కడం కళ్ళారా చూడొచ్చు. అంచనా ఇవ్వడానికి గడువు మాత్రం స్టేజ్ మొదలయ్యే వేళే అవుతుంది, అంటే పని మధ్యలో. ఉక్కు కర్మాగారంలో బీ షిఫ్టుకి వెళ్ళేవాళ్ళూ, ఫోను లోపలికి పట్టుకెళ్ళడానికి వీల్లేని చోట పనిచేసేవాళ్ళూ మధ్యాహ్నం భోజనానికి ముందే ఇచ్చేయాలి. కాబట్టి రైడర్ల పేర్లు ముందు రోజు రాత్రి నుంచే తీసుకోవడం మొదలుపెట్టండి.

ఒకేసారి రాసిచ్చే జోస్యం

అన్నిటికంటే సులువు ఇదే. రేసు మొదలయ్యే ముందు మొదటి అయిదు స్థానాలు, నాలుగు జెర్సీలు రాసిచ్చేస్తారు: మొత్తం సమయంలో ముందున్నవాడికి పసుపు, స్ప్రింట్ పాయింట్లకి ఆకుపచ్చ, కొండల పాయింట్లకి ఎర్రచుక్కలు, కుర్రాళ్ళలో మొదటివాడికి తెలుపు. తర్వాత పారిస్ దాకా చేసే పనేం లేదు. నిర్వాహకుడికి ఒక్క ఆదివారం రాత్రి కూర్చుంటే లెక్క తేలిపోతుంది. వందమంది ఉన్న అపార్ట్‌మెంట్ గ్రూపుకైనా, ఆఫీసు గ్రూపుకైనా, సైక్లింగ్ పెద్దగా తెలియని ఇంట్లోవాళ్ళకైనా ఇదే నప్పుతుంది.

చిక్కల్లా విజేత దగ్గరే. 2020 నుంచి 2025 దాకా టూర్ గెలిచింది ఇద్దరే. తడేయ్ పొగాచార్ 2020, 2021, 2024, 2025లో. యోనాస్ వింగెగోర్ 2022, 2023లో. మీ గుంపులో ముప్ఫై మంది ఉంటే పాతిక మంది పొగాచార్ పేరే రాస్తారు, దాంతో ఎవరికీ ఎవరి మీదా ఆధిక్యం రాదు. అందుకని విజేత పేరుకి తక్కువ పాయింట్లు పెట్టి, మూడో స్థానానికీ జెర్సీలకీ ఎక్కువ పెట్టండి. 2025లో మూడో స్థానంతో పాటు తెల్ల జెర్సీ కూడా గెలుచుకున్న ఫ్లోరియన్ లిపోవిట్జ్‌ని ముందే ఊహించినవాడికి నిజంగా పెద్ద బహుమతే ఇవ్వాలి. ఆకుపచ్చ జెర్సీ చూడండి: 2023లో యాస్పర్ ఫిలిప్సెన్, 2024లో ఎరిత్రియా కుర్రాడు బినియమ్ గిర్మాయ్, 2025లో జొనాథన్ మిలాన్. మూడేళ్ళలో ముగ్గురు. ఎర్రచుక్కలూ అంతే: చిక్కోనే, కారపాజ్, పొగాచార్. ఈ పద్ధతిలో అసలు ఆట ఇక్కడే ఉంది.

సమానంగా వస్తే తేల్చడానికి మొదటి, రెండో స్థానాల మధ్య తేడా నిమిషాల్లో, సెకన్లలో రాయించండి. ఇంతకంటే మంచి ప్రశ్న నాకు తెలీదు. 2022లో 2 నిమిషాల 43 సెకన్లు, 2023లో 7 నిమిషాల 29, 2024లో 6 నిమిషాల 17, 2025లో 4 నిమిషాల 24. ఇక 1989లో గ్రెగ్ లెమాండ్, లోరాన్ ఫిన్యోన్ మధ్య మిగిలింది 8 సెకన్లే. 23 రోజులు తొక్కాక 8 సెకన్లు! ఈ అంకెలు ఒకసారి గ్రూపులో పెట్టి చూడండి, లెక్కలంటే ఇష్టం లేనివాళ్ళు కూడా అంచనా వేయడానికి కూర్చుంటారు.

ఇంకో లోపం ఉంది. రేసు ముందే తేలిపోతే పోటీ కూడా అక్కడే ఆగిపోతుంది. 2025లో 13వ స్టేజ్ అయ్యేసరికే పొగాచార్‌కి 4 నిమిషాల పైన ఆధిక్యం ఉంది. అంతకుముందు వచ్చిన 2020 వేరు. అప్పటిదాకా ముందున్న ప్రిమోష్ రోగ్లిచ్ 57 సెకన్ల ఆధిక్యంతో 20వ స్టేజ్ టైమ్ ట్రయల్‌కి (ఒక్కొక్కరు విడిగా గడియారంతో పోటీపడే స్టేజ్) వెళ్ళి, లా ప్లాంష్ దే బెల్ ఫీయ్ కొండ మీద పసుపు జెర్సీ పోగొట్టుకున్నాడు. అలాంటి ఏడాది వస్తే ఒకేసారి జోస్యం రాసినవాళ్ళకి ఆఖరి శనివారం దాకా నిద్ర ఉండదు, కానీ ఏటా అలా వస్తుందన్న భరోసా లేదు. మే నెలలో ఇటలీలో జరిగే జీరో డి ఇటాలియా రేసుకి ఈ పద్ధతి ఇంకా బాగుంటుందని నా నమ్మకం. 2025 జీరోలో 20వ స్టేజ్ పొద్దున గులాబీ జెర్సీ (అక్కడ పసుపుకి బదులు అదే) ఇసాక్ దెల్ తోరో ఒంటి మీద ఉంది. కోలె దెల్లె ఫినెస్ట్రె ఎక్కేసరికి అది సైమన్ యేట్స్ చేతికి వెళ్ళిపోయింది. చివరికి తేడా 3 నిమిషాల 56 సెకన్లు.

ఫాంటసీ జట్టు

క్రికెట్‌లో ఆడి అలవాటైనవాళ్ళు ముందు దీనికే మొగ్గుతారు. వెలోగేమ్స్ లాంటి ఉచిత సైట్లలో 100 క్రెడిట్ల బడ్జెట్‌తో 9 మంది రైడర్లని కొనాలి. పొగాచార్ ఖరీదు ఎక్కువ కాబట్టి ఆయన్ని తీసుకుంటే మిగతా ఎనిమిది చోట్లా చవగ్గా దొరికేవాళ్ళని వెతకాలి. ఆ వెతుకులాటలోనే మజా అంతా. పెద్దగా పేరు లేని రైడర్‌ని నాలుగు క్రెడిట్లకి కొంటే, వాడు వరసగా రెండు రోజులు బ్రేక్‌అవేలో, అంటే గుంపుని వదిలి ముందుకెళ్ళేవాళ్ళతో వెళ్తే, ఆ ఆనందం వేరు. లెక్కలన్నీ సైటే చూసుకుంటుంది, మీ గుంపుకి విడిగా ఒక మినీ లీగ్ పెట్టుకోవచ్చు. నిర్వాహకుడికి శ్రమ లేదు.

అయితే ఇది తెలిసినవాళ్ళ ఆట. 2025లో బరిలోకి దిగినవాళ్ళు 23 జట్ల నుంచి 184 మంది. వాళ్ళలో ఎవరు తమ కోసం తొక్కుతారో, ఎవరు నాయకుడికి నీళ్ళ సీసాలు మోస్తారో తెలియకపోతే చవకైన పేర్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఏప్రిల్ నుంచి రేసులు చూస్తున్నవాడికీ, మొదటిసారి టూర్ చూస్తున్నవాడికీ మధ్య అంతరం రెండో రోజుకే బయటపడుతుంది. కొత్తవాడికి ఆసక్తి చచ్చిపోతుంది.

ఇక మార్చుకోవడానికి వీల్లేని జట్టయితే, కింద పడ్డ రైడర్ పడ్డట్టే. 2025లో ఫిలిప్సెన్ మొదటి స్టేజ్ గెలిచి పసుపు జెర్సీ వేసుకున్నాడు. మూడో స్టేజ్‌లో, దారి మధ్యలో పాయింట్ల కోసం పెట్టే స్ప్రింట్ దగ్గర పడి రేసు నుంచే వెళ్ళిపోయాడు. పొగాచార్‌కి కుడిభుజం లాంటి జోవావ్ అల్మేదా ఏడో స్టేజ్‌లో పడి, తొమ్మిదో స్టేజ్‌లో ఆగిపోయాడు. రెమ్కో ఎవెనెపూల్ 14వ స్టేజ్‌లో రేసు వదిలేశాడు. ఈ ముగ్గురినీ కొన్నవాడికి మూడో వారంలో చూసుకోవడానికి ఏముంది? మీ గుంపులో అయిదారుగురే ఉండి, ఆ అయిదారుగురూ పారిస్-రూబే, లియేజ్ లాంటి వసంతకాలపు రేసులు కూడా వదలకుండా చూసేవాళ్ళయితే ఫాంటసీయే పెట్టుకోండి, నిశ్చింతగా.

వేలం

ఎనిమిది మందికి మించకుండా ఉంటే వేలం పెట్టుకోవచ్చు. ఎనిమిది మంది రైడర్లని కొనడానికి ఒక్కొక్కరికీ 100 ఊహా పాయింట్లు ఇస్తారు. ఒక రైడర్ ఒక్కరికే దక్కుతాడు. నాలుగు పద్ధతుల్లోనూ ఒక్క సాయంత్రంలో ఇంత సరదా ఇచ్చేది ఇంకోటి లేదు. పొగాచార్ పేరు చదవగానే గదిలో నిశ్శబ్దం, ఆ తర్వాత ఎవరో "ముప్ఫై" అనడం, పక్కవాడు "నలభై అయిదు" అనడం. ఆయన 2024లో ఒక్కడే 6 స్టేజ్‌లు గెలిచాడు కాబట్టి అరవై పెట్టినా తప్పు పట్టలేం. కానీ అరవై పోయాక మిగిలిన నలభైతో ఏడుగుర్ని కొనాలి. ఈ లెక్క వేసుకోవడమే వేలం.

దీనికి రెండు అడ్డంకులు. ఒకటి, అందరూ ఒకే చోట, ఒకే సమయానికి రెండు గంటలు కూర్చోవాలి. గాజువాకలో ఒకరు, మధురవాడలో ఒకరు, షిఫ్టుల్లో ముగ్గురు ఉన్న గుంపుకి అది కుదిరే రోజు దొరకడం కష్టం. వీడియో కాల్‌లో చేయొచ్చు గానీ, ఎవరు ముందు పలికారన్న గొడవ తప్పదు. అలాంటప్పుడు వేలం మానేసి వంతులవారీగా ఎంచుకోండి: మొదటి రౌండులో ఒకటి నుంచి ఎనిమిది, రెండో రౌండులో ఎనిమిది నుంచి ఒకటి. వాట్సాప్‌లోనే రెండ్రోజుల్లో అయిపోతుంది.

రెండో అడ్డంకి పెద్దది. ఫాంటసీలో ఫిలిప్సెన్ పడిపోతే ఆయన్ని తీసుకున్న పదిమందీ నష్టపోతారు, తేడా పెద్దగా రాదు. వేలంలో ఆ నష్టం ఒక్కడిదే. మూడో రోజుకే ఒక మిత్రుడి పోటీ ముగిసిపోవడం చూస్తే బాధేస్తుంది. మొదటి విశ్రాంతి రోజున, రేసు నుంచి వెళ్ళిపోయిన రైడర్లకి బదులు ఎవరూ కొననివాళ్ళలోంచి ఒక్కొక్కర్ని తీసుకునే వీలు పెట్టండి. ఈ ఒక్క నియమం లేకుండా వేలం పెట్టకపోవడమే మంచిది.

రోజుకో రైడర్

ఇప్పుడు నా మనసులో ఉన్న ఆట. ప్రతి స్టేజ్‌కీ ఒక్క రైడర్ పేరు ఇస్తారు. ఆ రైడర్ ఆ రోజు ఏ స్థానంలో వస్తే దానికి తగ్గ పాయింట్లు. ఒకసారి వాడిన పేరు మళ్ళీ రాకూడదు. అంటే 21 స్టేజ్‌లకి 21 మంది కావాలి.

ఈ రెండో నియమం లేకపోతే కొండల రోజుల్లో అందరూ పొగాచార్‌నే రాస్తారు, ఆట చప్పబడిపోతుంది. నియమం ఉంటే ప్రతి మధ్యాహ్నం ఒక చర్చ పుడుతుంది.

"అన్నా, పొగాచార్‌ని ఇవాళ వాడెయ్యనా?"

"తొందరెందుకురా, ముందు వెంటూ ఉంది కదా."

2025లో ఈ సలహా విన్నవాడు దెబ్బతిన్నట్టే. మోన్ వెంటూ అంటే 15.7 కిలోమీటర్లు, సగటున 8.8 శాతం వాలుతో ఎక్కాలి. అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్ళు కూడా ఈ అంకె చూసి ఓసారి ఆగుతారు. అంత కొండ కాబట్టి పొగాచార్‌దే అనుకుంటాం. కానీ ఆ రోజు గెలిచింది మొదట్లోనే ముందుకెళ్ళిన గుంపులోని వాలంటాన్ పారె-పాంత్ర. రెండోవాడు బెన్ హీలీ. మొదటి మూడు స్థానాల్లో పొగాచార్ లేడు. దానికి నాలుగు స్టేజ్‌ల ముందు ఒటకామ్ కొండ మీద వాడినవాళ్ళకి మాత్రం వింగెగోర్ కంటే 2 నిమిషాల 10 సెకన్లు ముందొచ్చి నిండా పాయింట్లు ఇచ్చాడు.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే ఈ ఆట లోతు అర్థమవుతుంది. మొత్తం సమయంలో పది, ఇరవై నిమిషాలు వెనకబడ్డవాళ్ళు ముందుకెళ్తే పసుపు జెర్సీ జట్టు వాళ్ళని తరమాల్సిన అవసరం లేదు. ఆధిక్యం పెరిగేకొద్దీ నాయకుడి జట్టు నింపాదిగా తొక్కుతుంది, స్టేజ్ బ్రేక్‌అవేకి పోతుంది. 2025 టూర్‌లో 21 స్టేజ్‌లని 15 మంది పంచుకున్నారు. ఏడెనిమిది స్టేజ్‌లు ఇలా ముందుకెళ్ళినవాళ్ళకే దక్కాయి. కాబట్టి మూడో వారం కోసం హీలీ, బెన్ ఓకానర్, కేడెన్ గ్రోవ్స్ లాంటి పేర్లు దాచుకున్నవాడు కింద నుంచి పైకి రాగలడు. మిగతా మూడు పద్ధతుల్లో ఈ అవకాశం ఇంతగా ఉండదు, అందుకే నాకు ఈ ఆట మీద ఇంత మమకారం.

టైమ్ ట్రయల్ సంగతి గట్టిగా చెప్పాలి. ఎవరి సమయం వాళ్ళది కాబట్టి అక్కడ బ్రేక్‌అవే ఉండదు, బలమైనవాడే గెలుస్తాడు. 2025లో కాన్ టైమ్ ట్రయల్ ఎవెనెపూల్‌కీ, పెరాగ్యూడ్ కొండ టైమ్ ట్రయల్ పొగాచార్‌కీ వచ్చాయంటే అందుకే. అత్యంత నమ్మకమైన పేర్లని పెద్ద కొండ స్టేజ్‌లకంటే టైమ్ ట్రయల్స్‌కి దాచుకోవడం తెలివైన పని. కొత్తవాళ్ళకి ఈ ఒక్క మాట ముందే చెప్పండి.

చదును స్టేజ్‌ల్లో చిక్కు వేరు. 2025లో స్ప్రింటర్లు (ఆఖరి మీటర్లలో అతివేగంగా తొక్కేవాళ్ళు) గుంపు స్ప్రింట్‌లో గెలిచినవి అయిదే: ఫిలిప్సెన్ ఒకటి, టిమ్ మెర్లియర్ రెండు, మిలాన్ రెండు. ఒక్కొక్కర్ని ఒక్కసారే వాడాలి కాబట్టి, ఏ స్ప్రింటర్‌ని ఏ రోజుకి అన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం. తొమ్మిదో స్టేజ్ గుర్తుంది కదా? మాత్యూ వాన్ డెర్ పూల్ తన జట్టువాడితో కలిసి మొదట్నుంచీ ముందు తొక్కుతూనే ఉన్నాడు. గీతకి కిలోమీటరు కూడా లేనప్పుడు వెనక రైడర్ల గుంపు పట్టేసింది. మెర్లియర్ గెలిచాడు. వాన్ డెర్ పూల్‌ని ఎంచుకున్నవాళ్ళకి సున్నా. ఆ రాత్రి మా గ్రూపులో ఎవరూ ఆయన్ని ఎంచుకున్నవాళ్ళని ఆట పట్టించలేదు.

పాయింట్ల విషయంలో గెలిచినవాడికే ఇస్తానంటే ఆట త్వరగా చచ్చిపోతుంది, ఎందుకంటే చాలామందికి చాలా రోజులు సున్నాలే వస్తాయి. నేను సూచించేది: మొదటి స్థానానికి 10, రెండుకి 7, మూడుకి 5, నాలుగు నుంచి పది దాకా 2. 2025లో తులూజ్ స్టేజ్ చూడండి. యోనాస్ అబ్రహామ్సెన్, మౌరో ష్మిడ్ ఇద్దరే ఆఖర్న తలపడ్డారు, అబ్రహామ్సెన్‌ది విజయం. ఈ ఇద్దరినీ ఎవరు ఊహిస్తారు? కానీ వెనకే తరుముకుంటూ వాన్ డెర్ పూల్ మూడో స్థానంలో వచ్చాడు. ఆయన పేరు ఇచ్చినవాడికి 5 వస్తే, ఆలోచన సగం సరైందని అర్థమవుతుంది. మర్నాడు మళ్ళీ ఆడాలనిపిస్తుంది.

పేర్లు దాచి తీసుకోవాలా, అందరికీ కనిపించేలా తీసుకోవాలా అన్నది చిన్న విషయం కాదు. వాట్సాప్ పోల్ పెడితే ఎవరు ఎవర్ని ఎంచుకున్నారో కనిపించిపోతుంది. మూడో వారంలో మొదటి స్థానంలో ఉన్నవాడు తన వెనకున్నవాడి పేరే తనూ నొక్కేస్తాడు. ఇద్దరికీ ఒకే పాయింట్లు, తేడా తగ్గదు, పోటీ గడ్డకట్టిపోతుంది. గూగుల్ ఫారం వాడండి. గడువు దాటగానే అందరి పేర్లూ ఒకేసారి గ్రూపులో పెట్టండి. ఆ జాబితా వచ్చిన పావుగంట గ్రూపు ఎలా మోగిపోతుందో చూడండి.

నిర్వాహకుడి శ్రమ మాత్రం ఇందులో నిజంగానే ఎక్కువ. ప్రతి రాత్రి స్టేజ్ అయ్యాక షీట్‌లో పాయింట్లు ఎక్కించాలి, పాత పేరు మళ్ళీ ఎవరైనా ఇచ్చారేమో చూడాలి. ఇద్దరు పంచుకుంటే నయం. వారానికొకరు చొప్పున ముగ్గురు పంచుకుంటే ఇంకా నయం. అలా చూసుకునే మనిషి మీ గుంపులో లేకపోతే, మొహమాటం లేకుండా ఒకేసారి జోస్యానికే వెళ్ళండి. సగంలో ఆగిపోయిన రోజువారీ పోటీ కంటే పూర్తయిన చిన్న పోటీ మంచిది.

రెండూ కలపొచ్చు కూడా. రేసుకి ముందు మూడో స్థానం, ఆకుపచ్చ జెర్సీ, మొదటి రెండు స్థానాల మధ్య తేడా మాత్రం రాయించి, వాటికి కలిపి 30 పాయింట్లు పెట్టండి. అంతకు మించితే రోజువారీ ఆటని మింగేస్తుంది.

రేసు మొదలయ్యే ముందే రాసిపెట్టాల్సిన నియమాలు

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇవి ముందే గ్రూపులో పెట్టకపోతే మంచి స్నేహితుల మధ్యే మాటలొస్తాయి.

స్టేజ్‌కి విజేత లేకపోతే ఏం చేయాలి? జరగదనుకోకండి. 2019 టూర్‌లో 19వ స్టేజ్‌ని వడగళ్ళు, కొండచరియల వల్ల మధ్యలో ఆపేశారు. ఇజెరాన్ శిఖరం దగ్గర సమయాలు తీసుకున్నారు, ఈగన్ బెర్నాల్‌కి పసుపు జెర్సీ వచ్చింది, స్టేజ్ విజేత మాత్రం లేడు. 2025లో స్పెయిన్ రేసు వుయెల్తాలో నిరసనల వల్ల బిల్బావోలో 11వ స్టేజ్ విజేత లేకుండా ముగిసింది, మాడ్రిడ్‌లో ఆఖరి స్టేజ్ మధ్యలోనే ఆగిపోయింది. అలాంటి రోజున ఎవరికీ పాయింట్లు ఉండవు, ఎంచుకున్న రైడర్ ఖర్చయినట్టు కాదు, మళ్ళీ వాడుకోవచ్చు. దారి కుదించిన స్టేజ్ అయితే వేరు. 2025 టూర్ 19వ స్టేజ్‌ని పశువుల్లో వ్యాధి వచ్చిందని కుదించారు, కానీ లా ప్లాన్యె మీద టైమెన్ ఆరెన్స్‌మన్ గెలిచాడు. విజేత ఉన్నాడు కాబట్టి పాయింట్లు ఉంటాయి.

ఎంచుకున్న రైడర్ స్టేజ్ మొదలుపెట్టకపోతే గడువు లోపల మార్చుకోవచ్చు, దాటితే సున్నా. ఫలితం ఏదంటే రేసు నిర్వాహకులు ఆ రాత్రి ప్రకటించిన అధికారిక పట్టికే. 2024 ఆరో స్టేజ్‌లో ఫిలిప్సెన్ రెండో స్థానంలో గీత దాటినా, తన గీత వదిలి పక్కకి జరిగి పక్కవాడికి అడ్డొచ్చాడని వెనక్కి నెట్టేశారు. టీవీలో చూసిన వరస కాదు, పట్టికలో ఉన్న వరసే లెక్క.

పేరు ఇవ్వడం మర్చిపోతే సున్నా. నిర్వాహకుడు తనంతట తాను ఏ పేరూ వేయకూడదు, దగ్గర స్నేహితుడికైనా సరే.

డబ్బు గురించి

ప్రవేశ రుసుం వసూలు చేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు. 2025లో కేంద్రం కూడా ఇలాంటి ఆటల మీద చట్టం తెచ్చింది. తలా వంద రూపాయలు యూపీఐలో పంపమనడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ అది అనవసరపు చిక్కు. పైగా డబ్బు రాగానే నియమాల మీద వాదనలు కూడా మారిపోతాయి. నిర్వాహకులో, ఇష్టమున్న పెద్దలో ఒక చిన్న బహుమతి పెడితే చాలు. వారం విజేతకి అరకు కాఫీ పొడి ప్యాకెట్, మొత్తం విజేతకి మాడుగుల హల్వా. ఆ హల్వా గ్రూపులో అందరికీ పంచాలన్న నియమం పెడితే గెలవనివాళ్ళకీ న్యాయం జరుగుతుంది.

2026కి ప్రత్యేకంగా

ఈసారి టూర్ జూలై 4న బార్సిలోనాలో జట్టు టైమ్ ట్రయల్‌తో మొదలై 26న పారిస్‌లో ముగుస్తుంది. మొదటి రోజు గెలిచేది జట్టు కాబట్టి, రోజుకో రైడర్ ఆట పెట్టేవాళ్ళు ఆ రోజు ఫారంలో రైడర్ పేరు బదులు జట్టు పేరు అడగండి; దానివల్ల ఏ రైడర్ పేరూ ఖర్చు కాదు. విడివిడిగా తొక్కే టైమ్ ట్రయల్ ఒక్కటే ఉంది, 16వ స్టేజ్‌లో, 26 కిలోమీటర్లు. ఎవెనెపూల్‌ని దానికే దాచుకుంటానని మా గుంపులో ఇప్పటికే నలుగురు అంటున్నారు. 19, 20 స్టేజ్‌లు రెండూ ఆల్ప్ డ్యూయెజ్ కొండ మీదే ముగుస్తాయి, వరసగా రెండు రోజులు. పొగాచార్‌నీ వింగెగోర్‌నీ అప్పటిదాకా అట్టిపెట్టుకున్నవాడికి ఏ రోజుకి ఎవరన్నది పెద్ద పరీక్షే. నేనైతే శుక్రవారానికి ఒకర్ని వాడి, శనివారానికి బ్రేక్‌అవేలో వెళ్ళే కొండవీరుణ్ణి ఉంచుకుంటాను. మీ గుంపు ఫారం మాత్రం జూన్ ఆఖరు వారంలోనే తయారు చేసి, ఒక ఉత్తుత్తి స్టేజ్ పెట్టి అందరి చేతా ఒకసారి నింపించండి. లింకు తెరుచుకోవట్లేదన్న ఫోన్లు జూలై 4 సాయంత్రం రాకుండా ఉంటాయి.